కొలబద్ద అక్కర్లేని ఒడ్డు

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని మనమంతా బళ్లో చదువుకున్నాం. కేంద్ర ప్రభుత్వం ఇటీవల వేసిన లెక్కలో అది 1,053 దాటింది. ఈసారి మరింత వివరమైన పటాలు వాడటమే దీనికి ప్రధాన కారణం. భావనపాడు దగ్గర మొగ వంపుల్ని ఎంత చిన్న కొలబద్దతో కొలిస్తే పొడవు అంత పెరుగుతుంది. బ్రిటన్ తీరం గురించి గణితజ్ఞుడు మాండెల్‌బ్రాట్ 1967లో చెప్పిందీ ఇదే.

పొడవే నిలకడగా లేనప్పుడు అసలు ఒడ్డంటే ఏమిటి? దీనికి కచ్చితమైన జవాబుంది, అందులో కొలత ఊసే లేదు. ఒక బిందువు చుట్టూ ఎంత చిన్న గిరి గీసినా అందులో నీరూ నేలా రెండూ పడితే అది ఒడ్డు మీది బిందువే. వేటకెళ్లిన తెప్ప చుట్టూ మాత్రం నేల తగలని గిరి ఒకటి గీయగలం. ఇలా తనలోని ప్రతి బిందువు చుట్టూ తనదైన జాగా ఉన్నదాన్ని వివృత సమితి అంటారు. ఒడ్డును మినహాయించిన సముద్రం వివృతం, ఒడ్డుతో కలిపితే సంవృతం. ఒడ్డులో కొంత భాగాన్నే కలుపుకుంటే రెండూ కాదు!

1906లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫ్రెషే ఏ వస్తువుల మధ్యనైనా 'దూరం' నిర్వచించవచ్చని చూపాడు. 1914లో జర్మన్ గణితజ్ఞుడు హౌస్‌డార్ఫ్ ఆ దూరాన్ని కూడా వదిలేసి, బిందువుల సామీప్యాలతోనే శాస్త్రం కట్టాడు. యూదుడైనందుకు నాజీలు నిర్బంధ శిబిరానికి తరలించబోతుంటే 1942లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆయన వేసిన పునాది మీదే టోపాలజీ అనే నేటి గణితశాఖ నిలబడింది.

నేడు ఆ పునాదిని మూడు నియమాలుగా చెబుతారు. శూన్యసమితీ, మొత్తం స్థలమూ వివృతాలు. వివృతాలను ఎన్నింటిని కలిపినా వివృతమే. పరిమిత సంఖ్యలో తీసుకున్న వివృతాల ఉమ్మడి భాగమూ వివృతమే. ఆ 'పరిమిత' అన్న మాట ఎందుకు? తెప్ప ఉన్న బిందువు చుట్టూ 1 మీటరు, 1/2, 1/3... వ్యాసార్ధాలతో అంతులేకుండా గిరులు గీయండి. అన్నిటి లోపలా ఉండేది ఆ ఒక్క బిందువే. దాని చుట్టూ దానికి జాగా ఎక్కడిది? అందుకే అది వివృతం కాదు.

ప్రమేయాల అవిచ్ఛిన్నత కూడా ఈ భాషలోకి హాయిగా ఒదుగుతుంది: చేరే చోట ఏ వివృత సమితిని తీసుకున్నా, అందులోకి వచ్చే బిందువులన్నీ కలిసి బయల్దేరిన చోట వివృతమే కావాలి. డిగ్రీలో ఎప్సిలాన్, డెల్టాలతో కుస్తీ పట్టినవాళ్లకు ఈ ఒక్క వాక్యం ఎంత ఊరటో!

దూరాన్ని వదులుకోవడం కేవలం సౌకర్యం కోసం కాదు. వాస్తవ సంఖ్యల మీది ప్రమేయాలన్నిటినీ ఒకే స్థలంగా భావించి, ఒక్కో బిందువు దగ్గర విలువలు దగ్గరపడటాన్నే సామీప్యం అనుకుందాం. దానికి సరిపోయే దూరసూత్రం ఏదీ ఉండదని నిరూపించవచ్చు. అక్కడ వివృత సమితులే దిక్కు.