ట్రైలరు కొక్కెం

ఒక వాహనం వెనుక ఇంజను లేని మరొక బండిని తగిలించి లాగుటకు అమర్చే ఉక్కు సాధనాన్ని ట్రైలరు కొక్కెం అంటారు. హిచ్ అనే పేరు కూడా వాడుకలో ఉన్నది. కృష్ణా తీరాన ఉన్న వేదాద్రి నరసింహ క్షేత్రానికి వెళ్ళే దారిలోనూ, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలోనూ (2022 నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నవి) పత్తి, మిరప మోసే ట్రాక్టరు ట్రక్కులను చూసినవారికి ఇది పరిచితమైన వస్తువే. అయితే ట్రాక్టరుకు పనికివచ్చే కొక్కెం కుటుంబమంతా ప్రయాణించే ఎస్‌యూవీకి పనికిరాదు.

ట్రాక్టరు పద్ధతి, కారు పద్ధతి

ట్రాక్టరు వెనుక ఉండే డ్రాబారు రంధ్రాన్ని, ట్రక్కు నొగ చివరనున్న రంధ్రాన్ని కలిపి నిలువుగా ఒక పిన్ను దించుతారు. ఎగుడుదిగుడు పొలాలలో నొగ అటూ ఇటూ ఒరగవలసి ఉంటుంది గనుక రంధ్రంలో పిన్ను కాస్త వదులుగా ఉంటుంది. ట్రాక్టరు నెమ్మదిగా పోతుంది కాబట్టి ఈ వదులు వలన పెద్ద ఇబ్బంది లేదు. అదే ఏర్పాటు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు ఉంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ ట్రైలరు ముందుకు వచ్చి కారును గుద్దుతుంది. అందువలన కార్లకు ఉక్కు గుండు వాడతారు. ట్రైలరు నొగ చివరనున్న గిన్నె ఆ గుండుపై బోర్లించినట్లు కూర్చుని, లోపలి తాళంతో బిగుస్తుంది. వదులు లేకుండానే అన్ని వైపులకూ తిరుగుతుంది.

ఐరోపా ప్రమాణం ప్రకారం గుండు వ్యాసం 50 మిల్లీమీటర్లు. అమెరికాలో 1⅞, 2, 2⁵⁄₁₆ అంగుళాల గుండ్లు వాడుకలో ఉన్నవి. 1⅞ అంగుళాల గుండుపై 2 అంగుళాల గిన్నె చక్కగా కూర్చున్నట్లే కనిపిస్తుంది, గుంతలో పడగానే ఎగిరిపోతుంది. గుండుపైనా గిన్నెపైనా చెక్కిన అంకెలను చదివి సరిచూచుకొనవలెను.

బరువు లెక్క

అమెరికాలో కొక్కేలను తరగతులుగా విభజించారు. మొదటి తరగతి 2,000 పౌండ్ల (సుమారు 907 కిలోలు) వరకు, రెండవది 3,500 పౌండ్ల (సుమారు 1,588 కిలోలు) వరకు లాగుతుంది. అక్కడి తెలుగువారి పెద్ద ఎస్‌యూవీలకు సాధారణంగా అమర్చేది 2 అంగుళాల చదరపు గొట్టం గల మూడవ తరగతి కొక్కెం. అయితే కొక్కెంపై ముద్రించిన సంఖ్య కారు శక్తిని పెంచదు. కారు, కొక్కెం, గుండు, ట్రైలరు ఈ నాలుగింటిలో దేని పరిమితి తక్కువో అదే మొత్తానికి పరిమితి.

లాగే బరువు ఒకటి, గుండును కిందికి నొక్కే బరువు మరొకటి. దీనిని ఎద్దుబండి ఎక్కినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. సరుకంతా వెనుక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు బిగుస్తాయి. ముందు వేస్తే మెడలపై భారం పడుతుంది. కారు విషయమూ అంతే. వెనుక బరువైన ట్రైలరు కారు వెనుక చక్రాలను తేలిక చేసి పట్టు తప్పిస్తుంది, వేగం పెరిగే కొద్దీ తోకలా ఊగుతుంది. ముందు మరీ బరువైతే కారు ముందు భాగం లేచి స్టీరింగు తేలికపడుతుంది, రాత్రివేళ దీపాలు ఎదుటివారి కళ్ళలో కొడతాయి. మొత్తం ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతం గుండుపై పడడం మేలని అమెరికాలో పాటించే లెక్క. అంటే 600 కిలోల ట్రైలరుకు 60 నుండి 90 కిలోలు. ఈ బరువు కారు మోయవలసినదే. ఏడుగురు కూర్చున్న కారులో దీనిని మరొక మనిషిగా లెక్కించవలెను. ఎక్కువమంది మరచేది ఇక్కడే.

ఎంపిక

మొదట కారుతో వచ్చిన పుస్తకం చూడవలెను. అందులో లాగే సామర్థ్యం ఇవ్వకపోయినా, లాగరాదని చెప్పినా అక్కడితో ఆగడం మంచిది. బొలెరో, ఫార్చ్యూనర్ వంటి వాటికి కింద నిచ్చెన వంటి ఉక్కు చట్రం ఉంటుంది. క్రెటా, బ్రెజా వంటి వాటికి శరీరమే చట్రం. రెండవ రకంలో తయారీదారు సూచించిన చోటనే కొక్కెం బిగించవలెను. బంపరుకు బోల్టులు వేసి, వెల్డింగు చేసి ఇచ్చే కొక్కేలు చూపుకు గట్టిగా ఉన్నా నమ్మదగినవి కావు.

గుండు ఎత్తు ట్రైలరు నేలకు సమాంతరంగా నిలిచేటట్లు ఉండవలెను. గిన్నె ఊడినా నొగ రోడ్డుపై కూలకుండా రెండు గొలుసులను నొగ కింద ఒకదానిపై ఒకటి అడ్డంగా వచ్చేటట్లు తగిలిస్తారు. బ్రేకు, మలుపు దీపాలకు విద్యుత్ తీగ కలపడం తప్పనిసరి. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండితీరవలెను. ట్రైలరు ఊగసాగితే బ్రేకు గట్టిగా తొక్కరాదు. యాక్సిలరేటరుపై కాలు తీసి, స్టీరింగును నిలకడగా పట్టుకొనవలెను.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరుకు కూడా రిజిస్ట్రేషను అవసరం.

మనుషుల ప్రయాణం

కొక్కెం ఎంత మేలైనదైనా ట్రైలరులో మనుషులను ఎక్కించరాదు. అందులో సీటు బెల్టు లేదు, పట్టుకొనుటకు ఆధారం లేదు, గుద్దుకొన్నప్పుడు కాపాడే పైకప్పూ లేదు. 2020 జూన్ 17న వేదాద్రి దర్శనం చేసుకొని ట్రాక్టరులో తిరిగి వెళ్తున్న ఖమ్మం జిల్లా భక్తులను లారీ ఢీకొనగా పదిమందికి పైగా మరణించారు. ఆ ప్రమాదం కొక్కెం వలన జరిగినది కాదు. మొక్కుబడులకు, పెళ్ళిళ్ళకు ఊరంతా ఒకే ట్రక్కులో బయలుదేరే అలవాటు ఈ ప్రాంతంలో పాతదే. కారు వెనుక ట్రైలరు కొన్నవారు కూడా అందులో సామాను మాత్రమే వేయవలెను.