మాడ్యూల్: క్లస్టర్లలో సాఫ్ట్‌వేర్‌కు దారి చూపిన కమాండ్

యూనిక్స్ కంప్యూటర్లో ఒక ప్రోగ్రామ్ పేరు టైప్ చేస్తే, అది ఎక్కడుందో ఆ కమాండ్‌ను అందుకునే షెల్‌కు ముందుగా తెలియదు. ‘పాత్’ అనే వేరియబుల్‌లో రాసి ఉన్న డైరెక్టరీలను ఎడమ నుంచి కుడికి వెతుక్కుంటూ పోయి, మొదట దొరికినదాన్ని నడిపిస్తుంది. ప్రోగ్రామ్ మొదలయ్యాక దానికి కావలసిన షేర్డ్ లైబ్రరీలను వెతికే పని లోడర్‌ది. అదీ ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ వంటి జాబితాలనే చూస్తుంది. ఒకే పేరుతో రెండు వెర్షన్లు ఉంటే ఏది నడుస్తుందన్నది ఈ జాబితాల వరుసను బట్టే తేలుతుంది. అనేక కంప్యూటర్లను కలిపి కట్టిన క్లస్టర్లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

1990 నాటికి పెద్ద సంస్థల్లో వందలాది మంది ఒకే ఫైల్ సర్వర్ మీద పనిచేసేవారు. ఎవరి హోమ్ డైరెక్టరీలో వారికో స్టార్టప్ ఫైలు, అందులో చేత్తో రాసుకున్న పాత్‌లు. నిర్వాహకుడు ఒక సాఫ్ట్‌వేర్‌ను వేరే డైరెక్టరీకి మారిస్తే అందరి ఫైళ్లూ ఒక్కసారిగా చెడిపోయేవి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న జాన్ ఫుర్లానీ దీనికి ఒక ఉపాయం కనిపెట్టి, 1991లో శాన్‌డియాగోలో జరిగిన సిస్టమ్ నిర్వాహకుల ‘లీసా’ సదస్సులో వివరించారు. ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒక చిన్న వివరణ ఫైలు ఉంటుంది. దాన్ని నిర్వాహకుడు ఒకసారి రాస్తే చాలు. వాడుకునేవారు ‘మాడ్యూల్ లోడ్’ అని ఆ పేరు టైప్ చేస్తే పాత్‌లన్నీ సరిగా అమరుతాయి, ‘అన్‌లోడ్’ అంటే మళ్లీ మునుపటిలా అవుతాయి.

చూడటానికి చిన్న పనే గానీ, దీని వెనుక చక్కని యుక్తి ఉంది. యూనిక్స్‌లో షెల్ నడిపించే ప్రతి ప్రోగ్రామూ దాని పిల్ల ప్రాసెస్. పిల్ల ప్రాసెస్ తన వేరియబుల్స్‌ను ఎంత మార్చుకున్నా తల్లి షెల్‌లో అక్షరం కూడా మారదు. మరి మాడ్యూల్ కమాండ్ షెల్ పాత్‌ను ఎలా మారుస్తుంది? అసలు మార్చదు. ఏ మార్పులు జరగాలో షెల్ భాషలోనే రాసి బయటికి ఇస్తుంది. షెల్ ఆ వాక్యాలను చదివి తన వేరియబుల్స్‌ను తానే మార్చుకుంటుంది. ఈ కమాండ్ వయసు ముప్పై ఏళ్లు దాటింది. ఈలోగా లోపలి భాషలు మారాయి, రాసేవారు మారారు, కానీ ఈ కిటుకు మారలేదు. మొదటి సదస్సు తర్వాత ఫుర్లానీ, పీటర్ ఓసెల్ కలిసి ఈ కమాండ్‌ను టీసీఎల్, సీ భాషల్లో తిరగరాసి 1996లో మరో లీసా సదస్సు ముందు పెట్టారు.

ఈ రెండు సదస్సుల మధ్యలోనే, 1994లో, నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు ప్రాసెసర్లను ఈథర్‌నెట్‌తో కలిపి ‘బేవుల్ఫ్’ అనే క్లస్టర్‌ను తయారుచేశారు. చవక భాగాలతో సూపర్‌కంప్యూటర్ కట్టుకోవచ్చని తేలడంతో విశ్వవిద్యాలయాల్లో క్లస్టర్లు పెరిగాయి. వాటితో పాటు వాతావరణ శాస్త్రజ్ఞులు, రసాయన శాస్త్రజ్ఞులు, జన్యు పరిశోధకులు ఒకే యంత్రాన్ని పంచుకోవలసి వచ్చింది. ఒకరికి పాత ఫోర్‌ట్రాన్ కంపైలర్ లేనిదే పని జరగదు, ఇంకొకరికి నిన్న విడుదలైన పైథాన్ కావాలి. మాడ్యూల్ లేకుండా క్లస్టర్ నడపడం అప్పటినుంచి దాదాపు అసాధ్యమైంది.

అయినా ఇన్‌స్టలేషన్లు ఆగిపోతూనే ఉంటాయి. సొంత ల్యాప్‌టాప్ అలవాటుతో వచ్చినవారికి మొదట ఎదురయ్యేది ‘పర్మిషన్ డినైడ్’. క్లస్టర్లో రూట్ అధికారం ఉండేది నిర్వాహకులకే. అందుకే ఇన్‌స్టాల్ కావలసిన చోటుగా ‘ప్రిఫిక్స్’ ఆప్షన్‌తో హోమ్ డైరెక్టరీని చూపించాలి. ఇది తేలికగా తీరే చిక్కు. షేర్డ్ లైబ్రరీ ఫైలును తెరవలేకపోతున్నానని ప్రోగ్రామ్ మొరాయిస్తే ‘ఎల్‌డీడీ’ కమాండ్ నడపాలి. ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీల జాబితా వస్తుంది, దొరకనిదాని పక్కన ‘నాట్ ఫౌండ్’ అని ఉంటుంది. కంపైల్ చేసిన రోజు లోడ్ చేసిన మాడ్యూల్‌ను నడిపే రోజు మరిచిపోవడమే తరచుగా దీనికి కారణం.

లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ సంగతి ఇంతకంటే మొండిది. 2014 నాటి సెంట్‌ఓఎస్ 7 మీద నడిచే క్లస్టర్లో ఉండేది జీలిబ్‌సీ 2.17. కొత్త లినక్స్ మీద తయారై వచ్చిన ప్రోగ్రామ్ 2.28 కావాలంటుంది. కొత్త జీలిబ్‌సీని హోమ్ డైరెక్టరీలోకి తెచ్చి లైబ్రరీ పాత్‌లో కలపడం పెద్ద పొరపాటు. సిస్టమ్‌లోని పాత లోడర్‌కూ కొత్త లైబ్రరీకీ పొత్తు కుదరక, ఫైళ్ల జాబితా చూపించే ‘ఎల్‌ఎస్’ కూడా కుప్పకూలుతుంది. సోర్స్ కోడ్‌ను ఆ క్లస్టర్ మీదనే కంపైల్ చేసుకోవడం సరైన మార్గం. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. అందరూ ప్రవేశించే లాగిన్ నోడ్‌లో కొత్త ప్రాసెసర్, లెక్కలు నడిచే కంప్యూట్ నోడ్లలో పాతవి ఉన్నప్పుడు, లాగిన్ నోడ్‌కు తగినట్టు కంపైల్ చేసినది అక్కడ బాగానే నడిచి, కంప్యూట్ నోడ్ మీద ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోతుంది.

వీటన్నిటిలో ప్రమాదకరమైనది ఎంపీఐ తేడా. ఒక లెక్కను అనేక ప్రాసెస్‌లకు పంచి, వాటి మధ్య సందేశాలు నడిపే పద్ధతి ఎంపీఐ. దీనికి ఓపెన్ ఎంపీఐ, ఎంపిచ్ అనే రెండు ప్రసిద్ధ రూపాలున్నాయి. ఒకదానితో కంపైల్ చేసి రెండోదాని ‘ఎంపీఐరన్’తో 64 ప్రాసెస్‌లు మొదలుపెడితే, చాలాసార్లు ఏ తప్పూ కనిపించదు. ప్రతి ప్రాసెస్ తానొక్కటే ఉన్నాననుకుంటుంది. అవుట్‌పుట్‌లో ‘1లో 0వది’ (మొత్తం ఒకే ప్రాసెస్, దాని నంబరు 0) అనే వరుస 64 సార్లు కనిపిస్తుంది. లెక్క పంచుకోవలసిన 64 ప్రాసెస్‌లూ అదే లెక్కను మొదటినుంచి చివరిదాకా విడివిడిగా చేస్తూ, ఒకే ఫైలు మీద రాసుకుంటూ పోతాయి. క్లస్టర్ సమయం ఖర్చవుతుంది, ఫలితం నమ్మడానికి ఉండదు.

ఈ జబ్బుకు మందుగా వచ్చింది ఎల్‌మాడ్. టెక్సాస్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ సెంటర్‌లో రాబర్ట్ మెక్‌లే దీన్ని లూవా భాషలో రాశారు. ఇందులో మాడ్యూళ్లకు అంతస్తులుంటాయి. ముందు కంపైలర్‌ను ఎంచుకుంటేనే దానితో కట్టిన ఎంపీఐలు కనిపిస్తాయి, ఎంపీఐని ఎంచుకుంటేనే దానికి సరిపడే లైబ్రరీలు కనిపిస్తాయి. కంపైలర్‌ను మారిస్తే మిగతావీ తగినట్టు మారతాయి, దొరకనివి పక్కకు తప్పుకుంటాయి.

పాత్‌లు అమర్చే సమస్య అలా తీరినా, వందలాది సాఫ్ట్‌వేర్లను కంపైల్ చేసే శ్రమ నిర్వాహకుల మీదే ఉండిపోయింది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈజీబిల్డ్ 2012లో అందరికీ అందింది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను ఎలా కట్టాలో చిన్న ఫైలులో రాసి పెడితే, మాడ్యూల్ ఫైలుతో సహా అన్నీ అదే చేస్తుంది. మరుసటి ఏడాది లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో టాడ్ గ్యాంబ్లిన్ స్పాక్‌ను మొదలుపెట్టారు. ఏ కంపైలర్, ఏ ఎంపీఐ, ఏ ఆప్షన్లు అన్న ప్రతి కలయికకూ స్పాక్ వేరే గుర్తు ఇచ్చి వేరే డైరెక్టరీలో ఉంచుతుంది. లైబ్రరీల చిరునామాలను ప్రోగ్రామ్‌లోనే రాసేస్తుంది కాబట్టి లోడర్ దారి తప్పదు. రూట్ అధికారం లేకుండానే ఎవరైనా తమ హోమ్ డైరెక్టరీలో దీన్ని వాడుకోవచ్చు. సామాన్య వినియోగదారుకు ఇంతకంటే మేలు చేసిన పరికరం ఈ రంగంలో మరొకటి లేదనాలి.

ఇక కంటైనర్లు. గ్రెగరీ కర్ట్జర్ లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో మొదలుపెట్టిన కంటైనర్ పరికరం సింగులారిటీ ఇప్పుడు యాప్‌టైనర్ పేరుతో కొనసాగుతోంది. జీలిబ్‌సీతో సహా కావలసినదంతా ఒకే ఫైలులో తెచ్చుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కర్నెల్ మాత్రం క్లస్టర్‌దే. కంటైనర్‌లోని ఎంపీఐకి బయటి ఎంపీఐతో పొసగాలి, కనుక ఆ పాత చిక్కు పూర్తిగా పోలేదు.

నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్స్ సామర్థ్యం గల ‘పరమ్ సేవ’ నెలకొల్పారు. అలాంటి యంత్రం మీద కొత్తగా ఖాతా తెరిచిన విద్యార్థి మొదట టైప్ చేయవలసింది ‘మాడ్యూల్ అవైల్’. కావలసిన సాఫ్ట్‌వేర్‌ను ఎవరో ఇప్పటికే కట్టి ఉంచారేమో ఆ జాబితాలోనే తెలుస్తుంది. లేకపోతే స్పాక్‌ను ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతే నిర్వాహకులకు రాయాలి. ఆ ఉత్తరంలో ‘మాడ్యూల్ లిస్ట్’ ఇచ్చిన జాబితా, తాను టైప్ చేసిన కమాండ్, లాగ్‌లో కనిపించిన మొట్టమొదటి ఎర్రర్ ఉండాలి. చివరి ఎర్రర్ సాధారణంగా మొదటిదాని పర్యవసానమే కాబట్టి అది ఒక్కటే పంపితే ఎవరికీ ఉపయోగం ఉండదు.