ఫైళ్లకు తాళం పడితే కేసులకు చిక్కే
న్యాయవాద కార్యాలయాలకు విడి నకలే రక్ష

మచిలీపట్నం: జిల్లా న్యాయస్థానం ఉన్న మచిలీపట్నం మొదలు గుడివాడ, దివిసీమలోని అవనిగడ్డ వరకు న్యాయవాదుల కార్యాలయాల్లో దావాలు, దస్తావేజుల నకళ్లు క్రమంగా కంప్యూటర్లలోకి చేరాయి. వాటిని చదవ వీలులేని సంకేతాలుగా మార్చివేసి, విడుదలకు సొమ్ము అడిగే ‘రాన్సమ్‌వేర్’ ఈ కార్యాలయాలకూ ముప్పే.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. 2017 మే 12న ప్రపంచమంతటా విరుచుకుపడిన ‘వాన్నాక్రై’ రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లనూ తాకింది. బాధిత జిల్లాల్లో నాటి కృష్ణా కూడా ఉంది. లోపాన్ని సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసినా, దానిని ఎక్కించుకోని యంత్రాలకు దెబ్బ తగిలింది. జూన్ 27న ‘నాట్‌పెట్యా’ దాడితో డీఎల్‌ఏ పైపర్ అనే అంతర్జాతీయ న్యాయవాద సంస్థలో ఫోన్లు, ఈ-మెయిళ్లు మూగబోయాయి. ఆ దాడిలో సొమ్ము చెల్లించినా ఫైళ్లు తిరిగివచ్చే మార్గం లేకపోయింది.

సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు దాఖలు చేయాలి. కంప్యూటర్ తెరుచుకోలేదని ఆ గడువు దానంతటది ఆగదు. అంతకు మించిన చిక్కు గోప్యతది. తాళం వేసే ముందే ఫైళ్లను కాజేసి, బయటపెడతామని బెదిరించే ముఠాలున్నాయి. కక్షిదారు చెప్పుకున్న ఆస్తి తగాదా, కుటుంబ వివాదం న్యాయవాది వద్దనే ఉండాలని భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ చెబుతోంది.

కోర్టు నోటీసు, ఫీజు రసీదు పేరిట వచ్చిన ఈ-మెయిల్‌లోని అటాచ్‌మెంట్‌ను గుమాస్తా తెరిస్తే చాలు, పురుగు లోపలికి రావచ్చు. దొంగ నకలు విండోస్ వాడే యంత్రాలకు ప్రమాదం మరింత ఎక్కువ. విండోస్ 10కు సాధారణ మద్దతు సైతం 2025 అక్టోబరు 14తో ముగిసింది.

నిత్యం కంప్యూటర్‌కే తగిలించి ఉంచిన డిస్కును నకలుగా లెక్కించరాదు, తాళం దానికీ పడుతుంది. రెండు డిస్కులు వంతులవారీగా వాడి, పని ముగియగానే తీసి దాచాలి. 1977 ఉప్పెనను ఎరిగిన దివిసీమలోనైతే ఒకటి వేరే ఊరిలో ఉండటం మరీ మేలు. నకలు నుంచి ఫైలు తెరుచుకుంటోందో లేదో నెలకోసారి చూసుకోవాలి.

దాడి జరిగిందని తెలిసిన వెంటనే నెట్‌వర్క్ తీగ పీకి, తెరపై కనిపించే బెదిరింపును ఫోటో తీయాలి. డిస్కును చెరిపివేయరాదు. సైబర్ నేరాల ఫిర్యాదులకు 1930 నంబరు ఉంది. ఇటువంటి ఘటనలను సంస్థలు 6 గంటల్లో తెలపాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. కొన్ని రకాల తాళాలకు విడుదల సాధనాలు ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి.