పదిహేను చుట్లు, ఏడాది నిండని బాబు

2024 మార్చి 2, శనివారం రాత్రి. ఐదు నెలల మా పాపని భుజాన వేసుకుని జోకొడుతూ, టీవీ సౌండ్ తగ్గించి పరుగు పందెం చూస్తున్నాను. గ్లాస్గోలో ప్రపంచ ఇండోర్ అథ్లెటిక్స్ పోటీలు, మహిళల 3000 మీటర్ల ఫైనల్.

ఇండోర్ ట్రాక్ చుట్టుకొలత 200 మీటర్లే. అంటే 15 చుట్లు తిరగాలి. మలుపులు మరీ బిగుతుగా ఉంటాయి కాబట్టి అక్కడ ట్రాక్‌ని లోపలికి వాలుగా కడతారు. డిగ్రీలో చదివిన అభికేంద్ర బలం ఎన్నాళ్ళకో గుర్తొచ్చింది! ముందున్నవాళ్ళని మలుపులో దాటాలంటే బయటివైపు నుంచి ఎక్కువ దూరం పరుగెత్తాలి.

అప్పట్లో 5000 మీటర్ల ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న ఇథియోపియా అమ్మాయి గుడాఫ్ సెగాయ్ గెలుస్తుందనుకున్నాను. చివరి చుట్టులో అమెరికాకి చెందిన ఎల్ సెయింట్ పియర్ ఆమెని దాటేసింది. 8 నిమిషాల 20.87 సెకన్లు, ఛాంపియన్‌షిప్ రికార్డు. చుట్టుకి సగటున 33.4 సెకన్లన్నమాట. ఇద్దరి మధ్య తేడా 0.26 సెకను.

ఎల్ వెర్మాంట్‌లో భర్తతో కలిసి పాడి ఆవుల్ని పెంచుతుంది. 2022లో బెల్‌గ్రేడ్‌లో ఇదే పరుగులో రజతం తెచ్చుకుంది. ఆ తర్వాత తల్లయింది. గ్లాస్గోలో గెలిచేనాటికి బాబుకి ఏడాది నిండలేదు.

నిజం చెప్పొద్దూ, అది తెలిసి ముందు నాకు సిగ్గేసింది. నేను తుమ్మితే బట్టలు తడుస్తున్నాయి. అమ్మకి ఫోన్‌లో చెబితే "పిల్లలు పుట్టాక ఇవన్నీ మామూలేనే" అంది. మావారికైతే చెప్పనే లేదు.

ఆ సోమవారం మా డాక్టరుకి ఫోన్ చేశాను. ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. కాన్పు తర్వాత చాలామందికి వచ్చేదే గానీ భరిస్తూ కూర్చోవలసింది కాదని ఆవిడ చెప్పారు. మూత్రాశయాన్ని, గర్భసంచిని కిందనుంచి మోసే కటి కండరాలు సాగి బలహీనపడతాయట. వాటిని బిగించి వదిలే వ్యాయామం నేర్పారు. కాన్పయిన మూడు నెలలలోపు పరుగు జోలికి పోకూడదని, ఆ తర్వాతైనా ఇలాంటి ఇబ్బంది ఉంటే ముందు అది తగ్గించుకోవాలని అన్నారు.

ఎల్ వెనక కోచ్ ఉన్నాడు, జట్టు ఉంది. ఆమెతో మనకి పోలికేమిటి? కానీ ఆ రాత్రి ఆ పరుగు చూడకపోతే నేను ఆ ఫోన్ చేసేదాన్ని కాదు.

ఇప్పుడు పాపని మావారికి అప్పగించి, వారానికి మూడుసార్లు పార్కుకి వెళ్తున్నాను. ఒక్క చుట్టే, నెమ్మదిగా. మొన్న దారిలో తుమ్మొచ్చింది. ఏమీ కాలేదు!