కృష్ణబిలాల గాలులు – ఐన్‌స్టీన్ సవరణ

తుపాను గాలి ఎంత ఉధృతమైనదైనా సెకనుకు వంద మీటర్లు దాటడం అరుదు. సెర్పెన్స్ తారామండలం దిశలో, కాంతి 200 కోట్ల సంవత్సరాలకు పైగా ప్రయాణిస్తే గాని మనలను చేరని దూరంలో, పి.డి.ఎస్. 456 అనే క్వేజార్ ఉంది. బ్రెజిల్‌లో జరిగిన ఆకాశ సర్వేలో బయటపడిన ఈ జ్యోతి విషయం 1997లో వెల్లడయింది. దాని నుంచి వీచే గాలి వేగం కాంతి వేగంలో సుమారు నాలుగో వంతు నుంచి మూడు పదో వంతుల దాకా ఉంటుంది. భూమి నుంచి చంద్రుని చేరడానికి ఆ గాలికి దాదాపు ఐదు సెకన్లు చాలు.

ఈ గాలికి మూలం గెలాక్సీ నడుమ ఉన్న బృహత్ కృష్ణబిలం. దాని ద్రవ్యరాశి కోట్లాది సూర్యులకు సమానం. దానిలోకి సుడులు తిరుగుతూ జారే వాయువు విపరీతంగా వేడెక్కి ప్రకాశిస్తుంది. అందులో కొంత భాగం కృష్ణబిలం నోట పడకుండా వెలుపలికి ఎగజిమ్మబడుతుంది. ఇటువంటి అతివేగ ప్రవాహాలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరును ఆంగ్లంలో పొడి అక్షరాలలో రాస్తే యు.ఎఫ్.ఓ. అవుతుంది, ఎగిరే పళ్ళేలతో వీటికి ఏ బాంధవ్యమూ లేదు. 2010లో టొంబేసి బృందం 42 క్రియాశీల గెలాక్సీలను పరిశీలించి, మూడో వంతుకు పైగా గెలాక్సీలలో వీటి జాడ కనుగొన్నది.

జాడ చెప్పేది ఇనుము. ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే మిగిలిన ఇనుప పరమాణువు 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఎక్స్-కిరణాలను మింగి, వర్ణపటంలో నల్లని నీడను మిగులుస్తుంది. వాయువు మన వైపు దూసుకువస్తుంటే ఆ నీడ అధిక శక్తి వైపు జరుగుతుంది. పి.డి.ఎస్. 456లో, ఆ గెలాక్సీ లెక్కన, అది 9 దరిదాపులలో కనిపిస్తుంది. తక్కువ వేగాలకు పనికివచ్చే సులభ సూత్రం వాడితే గాలి వేగం కాంతి వేగంలో 29 శాతమని తేలుతుంది. కదిలే గడియారం నెమ్మదిస్తుందన్న ఐన్‌స్టీన్ సూత్రాన్ని కూడా చేర్చితే అది 25 శాతం. నాలుగు శాతమే కదా అనిపించవచ్చు. కానీ గాలి మోసుకుపోయే శక్తి వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది గనుక, ఆ చిన్న తేడా శక్తి లెక్కను ఒకటిన్నర రెట్లు పెంచివేస్తుంది.

ఈ సవరణను ఖగోళవేత్తలు చిరకాలంగా చేస్తూనే ఉన్నారు. చాలా నమూనాలలో చోటు దక్కనిది మరొకటి ఉంది. కాంతి కేంద్రం నుంచి బయలుదేరుతుంది. వాయువు కూడా అదే దిశలో పరుగెడుతుంది. కదిలిపోతున్న బస్సు వెంట పరుగెత్తేవారిలో కొద్దిమందే దానిని అందుకుంటారు. అదే విధంగా, పారిపోతున్న పరమాణువులను సెకనుకు తాకే కాంతి కణాల సంఖ్య తగ్గుతుంది; తాకిన ప్రతి కణం శక్తి కూడా వాయువు దృష్టిలో తగ్గుతుంది. కాంతి వేగంలో 30 శాతం వేగం ఉన్నప్పుడు ఒక్కొక్క తగ్గుదల 0.73 వంతు. రెండింటినీ హెచ్చవేస్తే, నిలిచి ఉన్న వాయువుకు అందే కాంతిలో సుమారు 54 శాతమే పరుగెడుతున్న వాయువుకు అందుతుంది.

దీనితో రెండు చిక్కులు వచ్చిపడతాయి. గాలిని కాంతి పీడనమే నెడుతున్నదనుకుంటే, వేగం పెరిగే కొద్దీ నెట్టే బలం సన్నగిల్లుతుంది. ఇక రెండవది ఇంకా కీలకం. పరమాణువులు తక్కువ కణాలను మింగితే వాటి నీడ పలచబడుతుంది. నీడ గాఢతను బట్టే వాయువు పరిమాణాన్ని అంచనా కడతారు కనుక, సవరణ లేని లెక్కలో గాలి ఉన్నదానికన్నా తేలికగా కనిపిస్తుంది. ల్యూమినారి బృందం 2020లో ‘ఆస్ట్రానమీ అండ్ ఆస్ట్రోఫిజిక్స్’ పత్రికలో ఈ విషయాన్నే నొక్కి చెప్పింది.

గాలి తేలికైతేనేమి, బరువైతేనేమి? గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టడానికి చల్లని వాయువు కావాలి. క్వేజార్ వెలుగులో కొన్ని శాతాలపాటి శక్తి గాలిగా మారినా, ఆ వాయువును ఊడ్చివేసి నక్షత్ర జననాన్ని అరికట్టగలదని సిద్ధాంతకారుల అంచనా. గాలి బరువును తక్కువగా కడితే, గెలాక్సీ ఎదుగుదలలో కృష్ణబిలం పాత్రనే తక్కువగా కట్టినట్లవుతుంది.

2023 సెప్టెంబరులో జపాన్ నుంచి ఎగిరిన ఎక్స్‌రిజమ్ ఉపగ్రహం పి.డి.ఎస్. 456ను పరిశీలించి, ఈ గాలి ఏకధార కాదని తేల్చింది. వేర్వేరు వేగాల వాయుముద్దలు కనీసం ఐదున్నాయని 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అంటే ఇకపై సవరణను గాలి మొత్తానికి ఒకేసారి చేస్తే చాలదు. ప్రతి ముద్దకూ దాని వేగాన్ని బట్టి విడివిడిగా చేయవలసి ఉంటుంది.