పదింట ఒకటి పోయినా లాభమే: మొబైల్ నెట్‌వర్క్ లెక్క

ఫోన్‌లో వీడియో ఆగకుండా నడుస్తోందంటే డేటా అంతా తొలిసారే సరిగా చేరుతోందని కాదు. 4జీలో తొలి ప్రయత్నంలో పదింట ఒక ప్యాకెట్ వరకు విఫలమైనా ఫర్వాలేదన్న లెక్కతోనే టవర్ సాధారణంగా వేగాన్ని నిర్ణయిస్తుంది. ఇది లోపం కాదు, పొదుపు.

టవర్ చేతిలో పంచడానికి ఉన్నవి రెండు: బ్యాండ్‌విడ్త్, పవర్. రెండూ పరిమితమే. 2022 స్పెక్ట్రమ్ వేలంలో 51,236 మెగాహెర్ట్జ్‌కు టెలికాం కంపెనీలు సుమారు 1.5 లక్షల కోట్ల రూపాయల బిడ్లు వేశాయి. 4జీలో ఆ స్పెక్ట్రమ్‌ను 180 కిలోహెర్ట్జ్ ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క ఎవరికో మిల్లీసెకనుకోసారి తేలుస్తారు.

సిగ్నల్ బలం క్షణక్షణం మారుతుంది. ప్రతి ప్యాకెట్ తొలిసారే చేరాలంటే ఎప్పుడూ అత్యంత చెడ్డ క్షణానికి సరిపడా పవర్, తప్పులు సరిదిద్దే అదనపు బిట్లు వెచ్చించాలి. చాలాసార్లు అది వృథా. పైగా పవర్ పెంచితే పక్క టవర్ పరిధిలోని ఫోన్లకు అంతరాయం.

అందుకే ‘హైబ్రిడ్ ఏఆర్‌క్యూ’ పద్ధతి వచ్చింది. చెడిపోయి వచ్చిన ప్యాకెట్‌ను ఫోన్ పారేయదు, దాచుకుంటుంది. టవర్ మళ్లీ అదే ప్యాకెట్‌నో, మరికొన్ని సవరణ బిట్లనో పంపుతుంది. ఫోన్ రెండింటినీ కలిపి చదువుతుంది. మసకగా పడిన రెండు జిరాక్స్ కాపీలను పక్కపక్కన పెట్టుకుంటే అక్షరాలు పోల్చుకోగలిగినట్టే ఇదీ. ఇలా కలిపి చదివే విధానాన్ని డేవిడ్ ఛేజ్ 1985లో వివరించారు.

దీనికి మూల్యం సమయం. 4జీలో మళ్లీ పంపడానికి దాదాపు 8 మిల్లీసెకన్లు పడుతుంది. వీడియోకు అది లెక్కలోకి రాదు. కానీ ఫ్యాక్టరీ రోబోల వంటి అవసరాలకు 5జీ పెట్టుకున్న లక్ష్యం వేరు: 32 బైట్ల సందేశం ఒక మిల్లీసెకనులో 99.999 శాతం కచ్చితంగా చేరాలి. రెండో అవకాశానికి అక్కడ వ్యవధి తక్కువ. కాబట్టి ముందే ఎక్కువ బ్యాండ్‌విడ్త్, పవర్ కేటాయించాలి. ఆ మేరకు మిగతావారి వాటా తగ్గుతుంది.

టవర్‌కు దూరంగా ఉన్నవారిదీ ఇదే చిక్కు. అదే డేటా వారికి చేర్చాలంటే ఎక్కువ ముక్కలు కావాలి. మొత్తం వేగమే లక్ష్యమైతే దగ్గరివారికే అన్నీ ఇవ్వడం లాభం. అలా చేస్తే సగటు అంకె ఘనంగా కనిపిస్తుంది, ఊరి చివర ఇంట్లో మాత్రం కాల్ తెగిపోతుంది. అందుకే నెట్‌వర్క్ ఎలా పంచుతోందో తెలియాలంటే సగటు వేగం ఒక్కటే చాలదు, అంచున ఉన్నవారికి ఎంత అందుతోందో కూడా చూడాలి.