మీ ఊరి వాతావరణం 2050లో ఎలా ఉంటుంది? లెక్కగట్టడమూ ఒక కొలువే!

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి వంతెన మీద నిలబడి కిందికి చూడండి. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కుండపోత కురిసినప్పుడు ఇదే ఏరు ఒడ్లు ఒరుసుకుని పారింది. ఏడాది సగటు వర్షపాతం చూస్తే ఈ రెండు ముఖాల్లో ఒక్కటీ కనబడదు. వాతావరణ మార్పుల రంగంలో ఉద్యోగం చేయాలనుకుంటే మీరు మొదట తెలుసుకోవాల్సింది ఇదే.

ఒక ప్రాంతంలో ఏ చెట్టు బతుకుతుంది, ఏ పంట పండుతుంది అన్నది నిర్ణయించే ఎండ, వాన, తేమల కలయికను బయోక్లైమేట్ అంటారు. పెద్ద మాటలా ఉంది కానీ మనకు తెలిసిందే. కాళహస్తి కలంకారీ కళాకారుడికి కరక్కాయ కావాలి, గుడ్డ ఉతకడానికి పారే నీరు కావాలి, ఆరబెట్టడానికి ఎండ కావాలి. చిత్తూరు మామిడి రైతుకు పూత సమయంలో వాన పడకూడదు. ఎంత వాన అన్నదానికన్నా ఎప్పుడు వాన అన్నదే ఇద్దరికీ ముఖ్యం.

మరి రేపటి సంగతి ఎలా చెబుతారు? పుణెలోని ఐఐటీఎం లాంటి సంస్థలు భూగోళం మొత్తాన్నీ కంప్యూటర్‌లో గళ్లుగా విడగొట్టి, కర్బన ఉద్గారాలు ఇంత ఉంటే వేడి ఎంత, వాన ఎంత అని నడిపి చూస్తాయి. ఆ ఫలితాల నుంచి బయోక్లైమేట్ సూచికలు తీస్తారు. ఎక్కువ మంది వాడే వరల్డ్‌క్లిమ్‌లో ఇవి 19. ఏడాది సగటు ఉష్ణోగ్రత, అత్యంత పొడి మూడు నెలల వాన, వాన నెలనెలకూ ఎంత మారుతుందన్న కొలత.. ఇలాంటివన్నమాట. నేటి మ్యాపు పక్కన రేపటి మ్యాపు పెడితే ఏ మండలం ఎటు జరుగుతోందో తెలుస్తుంది.

ఇందులో తెలుగువాళ్ల పాత్ర పాతదే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి.పి.సుబ్రహ్మణ్యం థార్న్‌త్‌వెయిట్ పద్ధతిలో భారతదేశ వాతావరణ రకాలను వర్గీకరించి 1956లో ప్రచురించారు. పడిన వానను, నేలా చెట్లూ కలిసి ఆవిరి చేయగల నీటితో పోల్చడం ఆ పద్ధతి కీలకం. అంటే వాన చుక్క తగ్గకపోయినా, వేడి పెరిగితే చాలు, ఒక ఊరు పొడి మండలంలోకి జారిపోవచ్చు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఆ అంకెను ఈ కోణంలో చదవండి.

ఇప్పుడు అసలు చిక్కు. కాళహస్తిని నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడుపుతాయి. తూర్పుకు పోయేకొద్దీ అక్టోబరు-డిసెంబరు వాటా పెరుగుతుంది. వంద కిలోమీటర్ల గడి గీస్తే తిరుమల కొండలు, కాళహస్తి, పులికాట్ తీరం ఒకే పెట్టెలో పడొచ్చు! అందుకే పలు మోడళ్లు పోల్చి, ఫలితాన్ని ఒక్క అంకెగా కాక ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని చెబుతారు. ఇంకోటి.. ఆ 19 సూచికలూ నెలవారీ లెక్కలతో చేసినవి. రెండు రోజుల కుండపోత వాటిలో విడిగా కనిపించదు. 2021 నవంబరు లాంటి వరదను వాటిలో వెతికితే దొరకదు.

ప్రాజెక్టుకు ఎర్రచందనం తీసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. శేషాచలం, వెలిగొండ, పాలకొండల పరిసరాల్లోనే సహజంగా పెరిగే చెట్టు కాబట్టి మంచి ఎంపికే. చెట్లున్న చోట్లు, సూచికలు ఇస్తే మ్యాక్సెంట్ సాఫ్ట్‌వేర్ అనువైన ప్రాంతాల మ్యాపు గీసిస్తుంది. కానీ 19 సూచికల్లో చాలావరకు ఒకదానికొకటి చుట్టాలే, అన్నీ కుక్కేయకండి. ఈ చెట్టుకు నేల స్వభావం కూడా ముఖ్యం. స్మగ్లర్ల గొడ్డలి ఏ సూచికలోనూ ఉండదు. ఇవి రాయకుండా రంగుల మ్యాపు ఒక్కటే చూపిస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

చదువుకు దూరం పోనక్కర్లేదు. కాళహస్తి నుంచి తిరుపతి బస్సెక్కితే దారిలో ఏర్పేడు. ఐఐటీ, ఐసర్ రెండూ ఆ మండలంలోనే ఉన్నాయి. తిరుపతి-చిత్తూరు దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, దాని ఎంఎస్‌టీ రాడార్ ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర వర్సిటీ మెటియరాలజీ విభాగం, హైదరాబాద్‌లో మెట్ట పంటల వాతావరణాన్ని చూసే క్రీడా సంస్థ ఉన్నాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే గేట్, లేదా సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ శాస్త్రాల పేపరు రాయాలి. భౌతికశాస్త్రంతో బీఎస్సీ చేసినవాళ్లు వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టుల మీద కన్నేసి ఉంచండి. 2022లో ఎస్‌ఎస్‌సీ 990 ఖాళీలు ప్రకటించింది.

ప్రైవేటులో? వాతావరణ ఆధారిత పంటల బీమాకు ఈ లెక్కలు కావాలి. వాతావరణ ముప్పును లెక్కగట్టి వెల్లడించాలంటూ ఆర్‌బీఐ 2024 ఫిబ్రవరిలో ముసాయిదా మార్గదర్శకాలు ఇచ్చాక బ్యాంకులూ అటు చూస్తున్నాయి. అయితే సాఫ్ట్‌వేర్‌లా వందల కొలువులు ఒక్కసారిగా పడే రంగం కాదిది. ఆ ఆశతో వస్తే నిరాశే.

పైథాన్ లేదా ఆర్, క్యూజీఐఎస్, గణాంకశాస్త్రం.. మొదలు పెట్టడానికి ఈ మూడూ చాలు. 1901 నుంచి రోజువారీ వర్షపాతం గళ్ల రూపంలో వాతావరణ శాఖ పుణె వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ ఊరు పడే గడి తీసుకోండి. ఏడాది వానలో అక్టోబరు-డిసెంబరు వాటా 1951-80లో ఎంత, 1991-2020లో ఎంత? ఒక్క రోజులో పడిన అతి పెద్ద వాన ఏ ఏడాదిది? జవాబు తేలాక ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, వాళ్లకు గుర్తున్న వానతో సరిపోతుందో లేదో.